టెక్ సందేహాలు: స్కానర్‌ని కారుకే తగిలించి వదిలేస్తున్నారా?

ప్రశ్న: నాది 2016 మోడల్ చిన్న పెట్రోల్ కారు. అప్పుడప్పుడు ఇంజిన్ మిస్ కొడుతోంది, ముఖ్యంగా వాన పడ్డ మర్నాడు పొద్దున. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం బుద్ధిగా నడుస్తుంది. ఆన్‌లైన్‌లో కారు లోపాల కోడ్‌లు చదివే ఒక చవక బ్లూటూత్ స్కానర్ కొని, కారులో దాన్ని తగిలించే పోర్టులోనే ఉంచేశాను. చెక్ ఇంజిన్ లైటు వెలిగినప్పుడల్లా యాప్‌లో పి0302 అని వస్తుంది, క్లియర్ కొట్టేస్తాను. వారం తిరక్కుండానే మళ్లీ మొదలు. ఇంతకంటే మంచి యాప్ ఏదైనా ఉందా?
- ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: యాప్ మారిస్తే ఇంజిన్ బాగవదండీ. వానాకాలం రాగానే ఇవే ఉత్తరాలు. అందరూ ఏ యాప్ మంచిదని అడిగేవాళ్లే, ఆ కోడ్ ఏం చెబుతోందని అడిగేవాళ్లు తక్కువ. మీ యాప్ చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేసింది. పి0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే అక్కడ పెట్రోల్ సరిగా మండడం లేదు. అదే పి0300 అయితే ఏ సిలిండరో తేలలేదన్నమాట. అప్పుడు పెట్రోల్ ప్రెషర్, గాలి లీకు లాంటి ఉమ్మడి వ్యవహారాలన్నీ వెతుక్కోవాలి. మీకు ఆ తిప్పలు లేవు.

కోడ్ నమోదైనప్పుడు కారులోని కంప్యూటర్ ఆ క్షణాన ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎం మీద ఉందో, ఎంత వేడిగా ఉందో, ఎంత లోడ్ పడుతోందో కూడా రాసిపెట్టుకుంటుంది. యాప్‌లో 'ఫ్రీజ్ ఫ్రేమ్' అన్నచోట కనబడేది అదే. క్లియర్ నొక్కారంటే కోడ్‌తోపాటు అదీ పోతుంది. మెకానిక్‌కి ఏమీ దొరకడం లేదంటే అందులో మీ వాటా కూడా ఉంది. ఈసారి ముందు స్క్రీన్‌షాట్ తీయండి.

వాన, పొద్దుటి చలి, ఒకే సిలిండర్ అంటున్నారు కాబట్టి నా అనుమానం స్పార్క్ ప్లగ్‌కి కరెంటు అందించే కాయిల్ మీద, దాని కింద ప్లగ్ మీదికి దిగే రబ్బరు బూటు మీద. ఆ రబ్బరు పగిలి తేమ చేరితే కరెంటు ప్లగ్ దాకా వెళ్లకుండా పక్కనున్న లోహంలోకి దూకేస్తుంది. ఎండెక్కి తేమ ఆరిందా, రోగం మాయం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రెండో కాయిల్‌ని మూడో సిలిండర్‌కి, మూడోదాన్ని రెండోదానికి మార్పించండి. ఈసారి కోడ్ పి0303గా వస్తే దొంగ కాయిలే. పి0302 దగ్గరే ఉండిపోతే ప్లగ్గులు అలాగే మార్చి చూడాలి, ఆ తర్వాత పెట్రోల్ చల్లే ఇంజెక్టర్. మూడు సిలిండర్ల బండికైనా ఇదే పద్ధతి. అన్ని సిలిండర్లకూ కలిపి ఒకే కాయిల్ ప్యాక్ ఉన్న మోడల్ అయితే మాత్రం ఈ కిటుకు పనిచేయదు. ఈ పరీక్ష చేయకుండానే 'మొత్తం కాయిల్స్ మార్చేద్దాం సార్' అంటే ఒప్పుకోకండి. ఇంకో మాట: లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా ఇంటికి రావచ్చు. ఆరి వెలుగుతూ ఉంటే యాక్సిలరేటర్ వదిలి పక్కకు ఆపండి. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో ఉన్న కన్వర్టర్‌లోకి వెళ్లి మండుతుంది. ఆ కన్వర్టర్ ఖరీదు ముందు కాయిల్ ఖరీదు ఏపాటిది?

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది మీరు మాటవరసకు రాసిన 'పోర్టులోనే ఉంచేశాను' అన్న ముక్క. ఆ పోర్టులోని 16వ పిన్‌కి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు వస్తుంది. ఇంజిన్ ఆపి తాళం తీసేసినా స్కానర్ మేలుకునే ఉంటుంది. చవక స్కానర్లలో చాలావాటి బ్లూటూత్ పాస్‌వర్డ్ 1234 లేదా 0000. కొన్నయితే అది కూడా అడగవు. అంటే పార్కింగ్‌లో మీ పక్కన బండి పెట్టిన ఎవరైనా ఫోన్‌తో మీ కారు లోపలి నెట్‌వర్క్‌ని పలకరించవచ్చు. కోడ్‌లు చదవడం, చెరపడం వరకైతే చిరాకుతో పోతుంది. కానీ ఆ నెట్‌వర్క్‌లోకి ఆదేశాలు పంపడానికీ అదే దారి. 2015లో శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, బీమా కంపెనీలు ఇచ్చే తరహా డాంగిల్‌కి (ఇదే పోర్టుకి తగిలించే పరికరం) ఎస్సెమ్మెస్‌లు పంపి ఒక స్పోర్ట్స్ కారు బ్రేకులు వేశారు, పనిచేయకుండానూ చేశారు. 2020లో అమెరికాలోనే ఇంకో బృందం 77 వైర్‌లెస్ డాంగిల్స్ పరీక్షిస్తే లోపం లేనిది ఒక్కటీ దొరకలేదు. పాస్‌వర్డ్ మార్చుకునే వీలు కూడా లేకుండా వస్తువు తయారుచేసి, కారు ప్రాణనాడికి తగిలించుకోమని అమ్మేవాళ్లని ఏమనాలి? చదవడం అయిపోగానే పీకి డ్యాష్‌బోర్డు అరలో వేయండి. వారాల తరబడి కదలని బండిలో బ్యాటరీ దిగిపోయే బాధ కూడా తప్పుతుంది. 'ప్రో వెర్షన్ ఉచితం' అంటూ గ్రూపుల్లో తిరిగే ఏపీకే ఫైళ్ల (ప్లే స్టోర్ బయట దొరికే యాప్‌ల) జోలికి మాత్రం పోవద్దు. మీ యూపీఐ ఉన్నది ఆ ఫోన్‌లోనే.

అసలు ఈ స్కానర్లు ఇంతగా ఎందుకు అమ్ముడుపోతున్నాయో చూడండి. మన దేశంలో కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2, అంటే కారు తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌లుగా చెప్పే ఏర్పాటు, తప్పనిసరి. మిస్‌ఫైర్ ఏ సిలిండర్‌లోనో, ఎంత వేడి మీదో కారుకి తెలుసు. డబ్బు పోసి కొన్న యజమానికి మాత్రం పసుపుపచ్చటి ఇంజిన్ బొమ్మ ఒకటి చూపించి ఊరుకుంటుంది. ఇప్పటి కొత్త కార్లలో పలకంత స్క్రీన్ పెట్టి పాటలు, మ్యాపులు, తలుపులు వేశారా లేదా అన్నీ చూపిస్తున్నారు. 'రెండో సిలిండర్ మిస్ అవుతోంది' అన్న ఒక్క లైనుకి అందులో చోటు లేదా? సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేసినందుకే వేరేగా బిల్లు వేస్తారు కదా, అక్కడుంది కిటుకు.

కాయిల్స్ మార్చాక కోడ్ ఎటు జరిగిందో రాయండి. ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ జతచేయండి, ఈసారి క్లియర్ కొట్టకుండా.