పొడి నేలల్లో ఉచ్చులు పెట్టబోయే అమ్మాయికి

అమ్మా,

నేల మీద తిరిగే పురుగుల్ని పట్టడానికి పిట్‌ఫాల్ ఉచ్చులు (అంచుదాకా నేలలో పాతిన కప్పులు) మేలా, ర్యాంప్ ఉచ్చులు (నేల మీదే పెట్టే వాలు డబ్బాలు) మేలా అని అడిగావు. నీకు ఏం తెలియాలో ముందు తేల్చుకో. ఏ ఉచ్చూ నేల మీద పురుగూ పుట్రా ఎంత ఉందో చెప్పదు, తనలోకి ఏవి నడిచొచ్చాయో మాత్రమే చెబుతుంది. రాత్రంతా తిరిగే నల్ల పెంకుపురుగులు కుప్పలుగా పడతాయి. అదే గుంట పక్కన కదలకుండా కాపు కాసే సాలీడు అసలు పడకపోవచ్చు. పైగా బోడి నేల మీద నడక సాఫీ, గడ్డిలో అడుగడుగునా అడ్డం. కాబట్టి బోడి నేలలో ఎక్కువ పడ్డాయని, అక్కడే ఎక్కువ ఉన్నాయని రాసెయ్యకు. చాలా థీసిస్‌లు తేలిపోయేది ఇక్కడే.

అయినా పిట్‌ఫాల్‌తోనే మొదలుపెట్టమంటాను. ఖర్చు తక్కువ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఇతరుల లెక్కలతో పోల్చుకోవచ్చు. ఒకదానిలో ఒకటి దిగే రెండు కప్పులు వాడు. బయటిది నేలలోనే ఉంటుంది, లోపలిది తీసి ఖాళీ చేసుకుంటావు, గుంట గోడ కూలదు. ఇక అసలు పనంతా అంచు దగ్గరే. కప్పు అంచు మట్టికంటే వెంట్రుకవాసి పైకి ఉన్నా పురుగు దాన్ని తాకి, అంచు వెంబడే చుట్టూ తిరిగి తన దారిన పోతుంది. ఇసుక నేలలో గాలి ఒక్క రాత్రిలో ఆ మట్టిని ఊడ్చేస్తుంది. అందుకే వెళ్ళిన ప్రతిసారీ వేలితో తడిమి చూసి సర్దు.

పడ్డవి పాడవకుండా కప్పులో ఏదో ఒక ద్రవం ఉండాలి, కానీ పొడి నేలల్లో నీళ్ళూ ఆల్కహాలూ ఇట్టే ఆవిరైపోతాయి. త్వరగా ఆవిరి కాని ప్రొపిలీన్ గ్లైకాల్ పోసి పెట్టు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, తాగిన జంతువు చచ్చిపోతుంది, దాని జోలికి పోకు. ఒక చుక్క వాసన లేని సబ్బు కలిపితే తేలికపాటి సాలీళ్ళు పైన తేలకుండా మునుగుతాయి. బల్లులు పడకుండా పైన వెడల్పు కన్నుల జాలీ వెయ్యి. అన్నట్టు, తవ్విన కొత్తలో కదిలిన మట్టి వల్ల చీమలు మామూలు కంటే ఎక్కువ పడతాయి. మూత పెట్టి వారం ఆగి, తర్వాత తెరువు.

రాతి నేలో, గట్టి పెచ్చు కట్టిన నేలో అయితే తవ్వడం అయ్యే పని కాదు. అక్కడ ర్యాంప్ ఉచ్చు పెట్టు. డబ్బా నేల మీదే ఉంటుంది, పురుగు వాలు ఎక్కి లోపల పడుతుంది. తిరుగుడు సాలీళ్ళు వీటిలో బాగానే పడతాయి. అయితే రెండు రకాల ఉచ్చుల లెక్కలనూ ఒకే పట్టికలో కలిపెయ్యకు. కొన్ని చోట్లయినా రెండూ పక్కపక్కనే పెట్టి, తేడా ఎంతో చూపించు.

వింక్లర్ సంచులు రాలిన ఆకుల్ని జల్లించి అందులోని చిన్న జీవుల్ని రాబట్టడానికి. నీ నేలలో ఆకులుండేది పొదల కింద మాత్రమే, అక్కడికి చాలు. చదరపు మీటరుకు ఎన్నో కావాలంటే నేల మీద కొలత చట్రం పెట్టి అందులో వెతకాలి, వేగంగా పరిగెత్తేవి ఎటూ తప్పించుకుంటాయి. తేళ్ళకు మాత్రం ఏ ఉచ్చూ యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చికి సాటి రాదు. చీకటి రాత్రి వెళ్ళు, ఆ కాంతిలో ఆకుపచ్చగా మెరుస్తూ అవే కనబడతాయి. పొడవాటి పట్టకారు, గట్టి బూట్లు మరిచిపోకు.

సీసాలో లేబుల్ పెన్సిల్‌తోనే రాయి. పెన్ను ఇంకు ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఉచ్చు రకం, పెట్టిన తేదీ, తీసిన తేదీ మూడూ దాని మీదే ఉండాలి.