తోక సన్నబడిన గెకో

ప్రశ్న: మా అబ్బాయి పెంచుకునే లెపర్డ్ గెకో (ఒక రకం పెంపుడు బల్లి) తోక సన్నబడింది, కళ్లు గుంటలు పడ్డాయి. పురుగులు పెట్టినా ముట్టడం లేదు. టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: బల్లి మీద పడితే కంచికి పరుగెత్తే మన వైపు బల్లిని సాకుతున్నారంటే ముచ్చటేసిందమ్మా! దాని కొవ్వు నిల్వ ఎక్కువగా తోకలోనే. అయినా ముందు తిండి కాదు, నీళ్లు. డబ్బాలో పొట్ట తడిసేంత గోరువెచ్చని నీళ్లు పోసి, పది నిమిషాలు అందులో ఉంచండి, పక్కనుంచి కదలొద్దు. మూతి మీద చుక్క వేస్తే నాకుతుంది. బలవంతంగా నోరు తెరవద్దు. పెట్టెలో ఒకవైపు 32 డిగ్రీల వేడి లేకుంటే తిన్నది అరగదు. ఎండాకాలమే కదా అంటారేమో, ఏసీ గదిలో ఉంచితే ఆ వేడి అందదాయె! తేరుకున్నాక కాల్షియం పొడి అద్దిన చిన్న పురుగులు పెట్టండి. కళ్లు గుంటలు పడ్డాయంటున్నారు కాబట్టి ఆలస్యం చేయక, తాజా మలం నమూనాతో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. కడుపులో పరాన్నజీవులుంటే ఎంత పెట్టినా ఒంటికి పట్టదు.