ఫోన్ వల్లనే మార్కులు తగ్గాయా?

ప్రశ్న: డిగ్రీలో మనస్తత్వశాస్త్రం చదువుతున్నాను. రాత్రి ఎక్కువసేపు ఫోన్ చూసేవారికి మార్కులు తక్కువగా ఉన్నాయని మా హాస్టల్ సర్వేలో తేలింది. ఫోనే కారణమని రాస్తే మా మేడమ్ గారు ఒప్పుకోలేదు. ఎందుకండీ?
- ఒక విద్యార్థిని, కావలి

జవాబు: మీ మేడమ్ గారి అభ్యంతరం సరైనదే. మీకు దొరికింది సహసంబంధం, అంటే రెండు విషయాలు కలిసి మారడం. దాని గుణకం -1 నుంచి +1 దాకా ఉండి, సంబంధం దిశనూ బలాన్నీ చెబుతుందే తప్ప, ఏది దేనికి కారణమో చెప్పదు. చదువు సాగక దిగులుపడినవారే ఫోన్ పట్టుకొని ఉండవచ్చు, లేదా ఇంటి ఇబ్బందులే రెండింటికీ మూలం కావచ్చు.

కారణం తేల్చేది ప్రయోగం. 1974లో ప్రచురించిన ప్రయోగంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 45 మంది విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపి, వేగం ఎంతని అడిగే ప్రశ్నలో క్రియను మాత్రమే మార్చారు. కార్లు బలంగా గుద్దుకున్నాయని చదివినవారి సగటు అంచనా గంటకు 40 మైళ్లకు పైగా, తాకాయని చదివినవారిది 31.8 మైళ్లు. ఇందులో పరిశోధకులు మార్చిన క్రియ స్వతంత్ర చరం, దాన్నిబట్టి మారిందేమో కొలిచిన అంచనా పరతంత్ర చరం.

మీరూ ప్రయత్నించండి. సమ్మతించినవారిని చీటీలు తీసి రెండు గుంపులు చేసి, ఒక గుంపు ఫోన్లను మాత్రం రాత్రి పది గంటలకు వార్డెన్ గారికి అప్పగించి, కొన్ని వారాల తర్వాత అందరికీ ఒకే పరీక్ష పెట్టండి. చీటీలు తప్పనిసరి, ఇష్టమైనవారే ఫోన్ ఇమ్మంటే శ్రద్ధగలవారంతా ఒకే గుంపులో చేరతారు. అయితే ఆ ఫలితాన్ని నెల్లూరు జిల్లా విద్యార్థులందరికీ వర్తింపజేయాలంటే, పాల్గొనేవారిని జిల్లా అంతటి నుంచీ యాదృచ్ఛికంగా ఎంచుకోవలసి ఉంటుంది.