విశాఖ సింధియా పేరు వెనక ఒక ఆసుపత్రి ఓడ

యుద్ధంలో ఆసుపత్రిగా మారిన ప్రయాణికుల ఓడల్లో మన దేశానికి సంబంధించినది ఏదైనా ఉందా అని అడిగారు. ఉందండి. దాని పేరు ‘లాయల్టీ’, అసలు పేరు ‘ఎంప్రెస్ ఆఫ్ ఇండియా’. నేను విశాఖ మల్కాపురంలో పెరిగాను, మా నాన్నగారు అక్కడి షిప్‌యార్డులో ఫిట్టరు. ఆ షిప్‌యార్డు పెట్టింది ఈ ఓడతో మొదలైన కంపెనీయే. అందుకే ఈ ఓడంటే నాకు ప్రత్యేకమైన అభిమానం.

కెనడియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ కోసం 1890లో ఇంగ్లండులోని బారోలో దీన్ని నీళ్లలోకి దించారు. సుమారు 5,900 టన్నుల తెల్లటి ఓడ, వేగం 16 నాట్లు, అంటే గంటకు దాదాపు 30 కిలోమీటర్లు. వాంకూవరుకూ హాంకాంగుకూ మధ్య టపానూ ప్రయాణికులనూ మోస్తూ ఇరవై ఏళ్లకు పైగా తిరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక గ్వాలియర్ మహారాజు మాధవరావు సింధియా దాన్ని కొని, మన సైనికుల కోసం ఆసుపత్రి ఓడగా మార్పించారు.

ఆసుపత్రికి ప్రయాణికుల ఓడే ఎందుకు? వందల మందికి సరిపడే వంటశాల, మంచినీళ్ల ట్యాంకులు, గాలి వచ్చే ఏర్పాట్లు అందులో ముందే ఉంటాయి. అయినా పని చాలానే ఉంటుందనేవారు నాన్నగారు. కేబిన్ల మధ్య ఇరుకు దారుల్లో స్ట్రెచరు మలుపు తిరగదు. అడ్డుగోడలు పీకి వార్డులు చేయాల్సిందే.

అలాంటి ఓడల విలువ తెలియాలంటే మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, ఏం జరిగిందో చూడాలి. 1915 నవంబరులో టెసిఫాన్ యుద్ధంలో గాయపడ్డవాళ్లను టైగ్రిస్ నది మీద బస్రాకు తెచ్చారు. అక్కడ ‘వరేలా’ అనే ఆసుపత్రి ఓడలో ఉన్న మేజర్ కార్టర్, వస్తున్న స్టీమరు పక్కల నుంచి తాళ్లు వేలాడుతున్నాయనుకున్నాడు. దగ్గరికొచ్చాక తెలిసింది, అది కారి గడ్డకట్టిన మలం. కదల్లేని క్షతగాత్రులు డెక్కు మీద ఎలా ఉన్నవాళ్లు అలాగే పడి ఉన్నారు. వాళ్లలో ఎంతోమంది మన జవాన్లు. ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. పరుపూ దుప్పటీ డాక్టరూ ఉన్న ఓడ ఒకటి ఎదురుచూస్తూ ఉండటమంటే వాళ్లకు ప్రాణం నిలబడటమే.

యుద్ధం ముగిశాక వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ తదితర వ్యాపారులు లాయల్టీని గ్వాలియర్ నుంచి కొన్నారు. తమ కొత్త కంపెనీకి ‘సింధియా స్టీమ్ నావిగేషన్’ అని పేరు పెట్టారు. 1919 ఏప్రిల్ 5న ఓడ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. 1964 నుంచి ఆ తేదీనే జాతీయ నౌకాయాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. దీన్నే మొదటి స్వదేశీ ఓడ అని కొందరు రాస్తుంటారు. అది తమిళ స్వాతంత్ర్య సమరయోధుడు చిదంబరం పిళ్లైకి అన్యాయం చేసినట్టే, 1906లోనే తూత్తుకుడిలో ఆయన స్వదేశీ ఓడల కంపెనీ పెట్టారు. లాయల్టీ మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. అప్పటికే పాతబడిన ఓడ, పైగా బ్రిటిష్ కంపెనీల పోటీ. 1923లో బొంబాయిలో తుక్కు కింద విరగ్గొట్టారు.

కంపెనీ మాత్రం నిలబడింది. 1941 జూన్ 21న విశాఖలో దాని షిప్‌యార్డుకు రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న నెహ్రూ ‘జల ఉష’ అనే ఓడను అక్కడే నీళ్లలోకి వదిలారు. తర్వాత ప్రభుత్వం తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డు అని పేరు మార్చినా, మా పేటల్లో పాతవాళ్లకు అది సింధియానే. ఏప్రిల్ 5న ఆ లండన్ ప్రయాణాన్ని అందరూ తలుచుకుంటారు. అదే ఓడలో వైద్యం చేసిన డాక్టర్లనూ, అది మోసుకొచ్చిన జవాన్లనూ కూడా ఆ రోజు తలుచుకోవాలని నా కోరిక.