మారుతీ హెడ్డు విప్పే ముందు, అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

హెడ్డు పనికి, అంటే ఇంజను పైన గాలికీ పొగకూ తలుపుల్లా పనిచేసే వాల్వులుండే భాగాన్ని బాగు చేయించడానికి, నువ్వు ఫోనులో పంపిన ధరల కాగితం చూశాను. వాల్వు మూసుకున్నప్పుడు ఆనుకునే సీటును మూడు కోణాల్లో కోయడానికి ఒక రేటు, ఐదు కోణాలకు ఒక రేటు, గాలీ పొగా పోయే దారులైన పోర్టులను అద్దంలా మెరిపించడానికి మరో రేటు. శుభలేఖల దుకాణంలో కార్డుల ధరలు చూస్తున్నట్లు అనిపించింది. ఏది చేయించాలని అడిగావు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నీ మారుతీ 800కి మూడు కోణాలు చాలు. మిగిలిన డబ్బు గైడులకు, అంటే వాల్వు కాడ ఆడే గొట్టాలకు పెట్టు.

అసలు హెడ్డు విప్పాలో లేదో తేల్చుకున్నావా? ఇంజను వేడిగా ఉన్నప్పుడు మూడు స్పార్క్ ప్లగ్గులూ తీసి, సిలిండరు లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టి చూడు. ఒక సిలిండరులో తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి మళ్లీ చూడు. అంకె పైకి లేస్తే తప్పు పిస్టన్ రింగులది. లేవకపోతే వాల్వులనో, హెడ్డు కింద ఉండే గ్యాస్కెట్టునో అనుమానించాలి. రింగులు పోయిన బండికి హెడ్డు పని చేయించి, పికప్ రాలేదని తిట్టుకుంటూ వెళ్లినవాళ్లను మా విజయవాడ ఆటోనగర్‌లో లెక్కలేనంతమందిని చూశాను.

ఇక గాలి సంగతి. తలుపు ఓరగా తీసి ఉన్నప్పుడు లోపల హాలు ఎంత పెద్దదైనా మనిషి దూరాల్సింది ఆ సందులోంచే కదా. వాల్వు దగ్గరా అంతే. గాలి దూరే సందు ఎంతో తెలియాలంటే వాల్వు చుట్టుకొలతను అది లేచిన ఎత్తుతో హెచ్చించాలి. 36 మి.మీ. వాల్వు అనుకో. వ్యాసంలో నాలుగో వంతు, అంటే 9 మి.మీ. లేచేదాకా ఆ సందు వాల్వు వైశాల్యం కంటే చిన్నగానే ఉంటుంది. పైగా వాల్వు పూర్తి ఎత్తును ఒక్కసారే అందుకుంటుంది. కింది ఎత్తులను మాత్రం తెరుచుకునేటప్పుడు ఒకసారి, మూసుకునేటప్పుడు ఒకసారి దాటుతుంది. అందుకే సీటు చుట్టూ ఉన్న రెండు మూడు మిల్లీమీటర్ల లోహం పోర్టు మెరుపుకంటే ఎక్కువ పని చేస్తుంది.

వాల్వు ఆనుకునే కోత 45 డిగ్రీలు. దానికి పైన, దహన గది వైపు 30. కింద, పోర్టు వైపు 60. కాలువ మలుపులో గట్టు నిటారుగా ఉంటే నీళ్లు గట్టును వదిలేసి సుడి తిరుగుతాయి. అదే గట్టును ఏటవాలుగా చెక్కితే దాన్ని అంటిపెట్టుకునే పోతాయి. పైకోత, కిందికోత చేసేది అదే. సీటు వెడల్పును, అది వాల్వు ముఖం మీద ఎక్కడ ఆనాలన్నదాన్ని సరిచేసేది కూడా ఆ రెండే. ఐదు కోణాలు వేస్తే మలుపు ఇంకా నునుపవుతుంది, కాదనను. కానీ ఆ తేడా గాలి ఎంత పోతుందో కొలిచే ఫ్లో బెంచి మీద తెలియాలి. పనికి ముందు ఎంత గాలి పోయింది, తర్వాత ఎంత పోయింది అన్న అంకెలు ఇవ్వగలరేమో అడుగు. ఇస్తే ఆలోచించు. ఇవ్వలేకపోతే ఆ రెండు కోణాలు బిల్లు మీద మాత్రమే కనిపిస్తాయి. వాటికి బదులు గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వు వెనక భాగాన 30 డిగ్రీల సన్నని కోత వేయమను. తక్కువ ఎత్తులో గాలికి అది బాగా ఉపయోగపడుతుంది, ఖర్చు కూడా స్వల్పం.

గైడుల మాట ఎందుకు ఎత్తానంటే, సీటు కోసే కట్టరైనా, సానరాయైనా గైడులో దిగే పైలట్ కడ్డీ మీదే తిరుగుతుంది. గైడు అరిగితే కడ్డీ ఊగుతుంది, కోత ఒక పక్కకు పోతుంది. ఈ పాఠం నేను నా తప్పుతోనే నేర్చుకున్నాను. చేయి తిరిగిందన్న పొగరుండే వయసులో ఒక అంబాసిడర్ హెడ్డుకు అరిగిన గైడుల మీదే సీట్లు కోసేశాను. చూడ్డానికి వెండి మట్టెల్లా ఉన్నాయి. మూడు నెలలు తిరగకుండానే బండి వెనక్కి వచ్చింది. పొగను బయటికి వదిలే ఒక ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఎలుక కొరికినట్లు కాలిపోయింది. వాల్వు వేడిలో ఎక్కువ భాగం సీటు గుండానే హెడ్డులోకి దిగాలి. ఒక పక్క ఆనకపోతే ఆ వేడికి దారి ఉండదు. ఆ హెడ్డు నా సొంత ఖర్చుతో మళ్లీ చేశాను.

ఎగ్జాస్ట్ సీటును మరీ సన్నగా చేయించవద్దని చెప్పేది కూడా అందుకే. రేసు బండ్లలో సన్నని సీట్లు వేస్తారు, తరచూ విప్పి చూసుకుంటారు. నువ్వు హైదరాబాదు ట్రాఫిక్‌లో ఎండలో నిలబడేవాడివి. ఇన్‌టేక్ 1.2 నుంచి 1.3 మి.మీ., ఎగ్జాస్ట్ 1.5 ఉంచమను.

పాత యజమాని గ్యాస్ కిట్ వాడాడని అన్నావు. అది నాకు నచ్చని విషయం. గ్యాసు పొడి ఇంధనం, ఎగ్జాస్ట్ సీట్లను త్వరగా తినేస్తుంది. వాల్వు సీటులోకి దిగిపోయే కొద్దీ వాల్వు కాడ పైన ఉండాల్సిన టాపెట్టు సందు తగ్గిపోతుంది. దేశంలో సీట్లను కాపాడే సీసం పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆగిపోయాక ఇనుప హెడ్డులోనే సీటు కోసిన పాత బండ్లలోనూ ఇదే జబ్బు చూశాం. నీది అల్యూమినియం హెడ్డు, సీట్లు విడిగా దిగ్గొట్టిన రింగులు కాబట్టి మార్చుకోవచ్చు. బాగా దిగిపోయి ఉంటే ఇంకా లోతుకు కోయనివ్వకు. వాల్వు గుంతలో కూర్చుంటే గాలి గోడకు కొట్టుకుంటుంది, స్ప్రింగు బిగువూ తగ్గుతుంది. కొత్త సీటు రింగులే వేయించు.

పని అయ్యాక డబ్బిచ్చే ముందు సీటు మీద పెన్సిలుతో అడ్డంగా ఎనిమిది పది గీతలు గీయమను. వాల్వు పెట్టి కాస్త నొక్కి పావు వంతు తిప్పి తీస్తే ప్రతి గీతా తెగి ఉండాలి. రెండు గీతలు పక్కపక్కన చెక్కు చెదరకుండా ఉంటే అక్కడ సీటు ఆనడం లేదన్నమాట. తర్వాత వాల్వులు, స్ప్రింగులు బిగించి, పోర్టులో కిరోసిన్ పోసి టీ తాగి రండి. దహన గది వైపు తడి కనిపించకూడదు.

ఎవరైనా సీటుకు గ్రైండింగ్ పేస్టు పూసి, వాల్వును అంటించుకున్న కర్రను అరచేతుల మధ్య పెట్టుకుని కవ్వంతో మజ్జిగ చిలికినట్లు అరగంట చిలుకుతుంటే హెడ్డు తీసుకుని వచ్చెయ్యి. పేస్టు పని సీటు ఎక్కడ ఆనుతోందో చూపించడమే. మొదట గరగరమని, కాసేపటికి సరసరమని వినిపిస్తుంది. అక్కడ ఆపాలి. బూడిదరంగు ఉంగరం ఒకే వెడల్పులో కనిపిస్తే చాలు. ఇంకా రుద్దితే కోసిన కోణాలు గుంటపడతాయి.

పోర్టు మెరుగు గురించి ఒక్క మాట. ఎగ్జాస్ట్ నున్నగా చేయించుకో, మసి తక్కువ పడుతుంది. ఇన్‌టేక్‌లో పోత పోసినప్పటి అచ్చు గరుకులు, గ్యాస్కెట్టు దగ్గర మెట్టు తీసేస్తే చాలు. నీది కార్బురేటర్ బండి, పెట్రోలు తుంపరలు నున్నటి గోడకు పట్టుకుని జారుతాయి. 796 సీసీ బండి దీనితో రేసు గుర్రం అవుతుందని ఆశపడకు. నిలకడగా ఆడుతుంది, మధ్య వేగంలో ఊపిరి తెరిపిన పడినట్లు లాగుతుంది.

అక్కడ ఎవరూ కుదరకపోతే హెడ్డు నువ్వే విప్పి విజయవాడకు తెచ్చెయ్యి. నేను కట్టరు పట్టడం మానేసినా, పట్టేవాడి పక్కన నిలబడగలను. అట్టముక్కకు ఆరు రంధ్రాలు చేసి, అంకెలు వేసి వాల్వులు వరుసగా గుచ్చు. కలిసిపోయాయంటే ఏది ఏ గైడుదో చెప్పడం నా వల్ల కాదు. హెడ్డును పాత దుప్పటిలో చుట్టి ముఖం పైకి ఉండేలా పెట్టుకో. ఆదివారం ఆటోనగర్‌కు సెలవు, సోమవారం పొద్దున్నకు దిగేలా చూసుకో.

ఇట్లు,
మీ మామయ్య