మూడో అంతస్తులో ఉన్నా వరదప్పుడు ఇల్లు ఖాళీ చేయాలా?

"విజయవాడలో మాది మూడో అంతస్తు. వరద హెచ్చరిక వస్తే పునరావాస కేంద్రానికి వెళ్లడం తప్పనిసరా?" అని అడిగారు.

రూల్ సంగతి తర్వాత చెప్తాను. వెళ్లండి. 2024 సెప్టెంబరులో సింగ్ నగర్‌లో మాదీ మూడో అంతస్తే. ఆ ధైర్యంతోనే మూడు రోజులు ఇరుక్కుపోయాం.

సెప్టెంబరు 1, ఆదివారం. పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే పార్కింగ్‌లో చీలమండ దాకా నీళ్లు. మా వైపు వానొస్తే నీళ్లు నిలవడం మామూలే, సాయంత్రానికి లాగేస్తాయిలే అనుకున్నా. బండిని రెండు మెట్లు పైకి ఎక్కించి, ఏదో ఘనకార్యం చేసినట్టు పైకొచ్చి కాఫీ తాగా. మళ్లీ తొంగి చూసేసరికి బండి అద్దాలు మాత్రమే కనబడుతున్నాయి. అది వాన నీరు కాదు, బుడమేరు. కట్టకు గండ్లు పడ్డాయని మాకు తెలిసేసరికి కరెంటు పోయింది.

బుడమేరు కొల్లేరులోకి పోయే ఏరు. వరదొస్తే వెలగలేరు దగ్గర కొంత నీటిని మళ్లింపు కాలువలోకి వదిలి కృష్ణలో కలుపుతారు. కానీ అప్పుడు కృష్ణే ఉరకలేస్తోంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నదే అంత ఎత్తున ఉంటే కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయి? కాబట్టి మీ వీధిలో వాన తగ్గింది కదా అని లెక్కలు వేసుకోకండి. మాకు వాన తెరిపిచ్చాకే నీళ్లు పెరిగాయి.

పై అంతస్తు వాళ్లు మునగరు, నిజమే. కానీ మోటారు కింద ఉంటుంది. సంపు కింద ఉంటుంది. మెయిన్ స్విచ్ బోర్డూ కిందే. సోమవారం మధ్యాహ్నానికి ట్యాంకు అడుగంటింది. తాగే నీళ్లు ఎలాగోలా సర్దుకోవచ్చు, పడవల వాళ్లకు బకెట్‌కి తాడు కట్టి దింపితే బాటిళ్లు వేశారు. బాత్‌రూమ్‌లో పోసుకోవడానికి నీళ్లు లేకపోతే ఏం చేస్తారు? ఈ ముక్క ఏ టీవీలోనూ చెప్పరు. డ్రోన్ షాట్లు మాత్రం రోజంతా చూపిస్తారు. ఇంకో పక్క వాట్సాప్‌లో బ్యారేజీ కొట్టుకుపోయిందని ఒకటే ఫార్వర్డ్‌లు. మిగిలిన చార్జింగ్ అంతా బంధువులకు "లేదు, అబద్ధం" అని చెప్పడానికే అయిపోయింది.

అసలు ఆదివారం పొద్దున్నే బయటపడేవాళ్లం. అమ్మ ఒప్పుకోలేదు. "ఒరేయ్, సొంతిల్లు పెట్టుకుని వెళ్లి బళ్లో చాపేసుకుని పడుకోవాలా?" అంది. అమ్మకి డెబ్భై నాలుగు, షుగరు, మోకాళ్ల నొప్పులు. నిజం చెప్పాలంటే నాకూ నామోషీగానే అనిపించింది. అపార్ట్‌మెంట్లో అందరిదీ అదే వరస. పునరావాస కేంద్రమంటే గుడిసెల వాళ్లకి, మనకెందుకు అని.

మంగళవారం ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ చల్లదనం పూర్తిగా పోయింది. ఇక లాభం లేదనుకున్నాం. గేటు దగ్గరికి రబ్బరు పడవ వచ్చింది. లిఫ్ట్ లేదు. అమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేనూ, రెండో అంతస్తు కుర్రాడూ చెరో పక్కా పట్టుకుని దించాం. చివరి ఆరు మెట్లు నీళ్లలో ఉన్నాయి. కాలికి మెట్టు తగలదు, బురద జారుతుంది. కుర్చీ ఒకసారి ఒరిగింది. అమ్మ ఒక చేత్తో నా జుట్టు పట్టుకుంది, రెండో చేత్తో మందుల కవరు పైకెత్తి పట్టుకుంది. పడవలో సర్దుకున్నాక ఆమె అడిగిన మొదటి మాట, "గ్యాస్ కట్టేశావా?"

సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర దింపారు. అక్కణ్నుంచి ఒక బడికి వెళ్లాం. అన్నం పెట్టారు, డాక్టరు ఉన్నాడు, ఇన్సులిన్ దొరికింది. అది ఆదివారమే దొరికుండేది. లోటు ఒక్కటే, మరుగుదొడ్లు. నేను చూసినవి నాలుగు, ఒకదానికి తాళం. పిల్లల సైజువి. మెట్లు దిగి, గ్రౌండ్ దాటి వెళ్లాలి. అమ్మ సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేసింది. అక్కడున్న ఆడవాళ్లలో చాలామంది అదే పని చేశారని మా ఆవిడ తర్వాత చెప్పింది.

ఇళ్లొదిలి వచ్చినవాళ్లకి ఇవ్వాల్సిన కనీస వసతులకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలున్నాయి. మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు, రోజుకి కనీసం 3 లీటర్ల తాగునీరు, 30 మందికి ఒక మరుగుదొడ్డి. అడుక్కుంటున్నామని ఫీలవ్వక్కర్లేదు, ఇవి ఇవ్వాల్సినవే. లేకపోతే అక్కడున్న అధికారిని అడగండి. నేను అడిగాక ఆ తాళం తీశారు.

ఇప్పుడు మీ రూల్. విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం అధికారులిచ్చే ఆదేశాన్ని సరైన కారణం లేకుండా ధిక్కరిస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దానివల్ల ప్రాణాలు పోతే రెండేళ్ల దాకా. ఇల్లు కదలనన్నందుకు ఎవర్నైనా లోపలేసినట్టు నేనైతే చూడలేదు. బతిమాలతారు, వెళ్లిపోతారు. వాళ్లకి ఇంకా వెయ్యి ఇళ్లుంటాయి.

నా కోపమల్లా వేరే. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టారు. అక్కడ చిన్నపిల్లాణ్ని అడిగినా ఎటు పరిగెత్తాలో చెప్తాడు. సిటీలో మనకి పిజ్జా ఎక్కడ దొరుకుతుందో తెలుసు, వరదొస్తే ఏ బడికి పోవాలో తెలీదు. మా అసోసియేషన్ మీటింగుల్లో పార్కింగ్ గొడవ తప్ప ఇంకోటి రాదు. ఇన్వర్టర్‌ను కింద పెట్టొద్దని రెండేళ్లు మొత్తుకున్నా వినలేదు. మొదట మునిగింది అదే.

మీ వార్డు సచివాలయంలో ఒకసారి అడిగి పెట్టుకోండి, మీకు ఏ బడి, ఏ కల్యాణ మండపం అని. ఇంట్లో పెద్దవాళ్లుంటే చీలమండ నీళ్లప్పుడే కదలండి, నడుం దాకా వచ్చాక వాళ్లని మోయడం ఎంత కష్టమో చెప్పాను కదా. 112 (ఎమర్జెన్సీ), 1070 (విపత్తు కంట్రోల్ రూమ్) నంబర్లు కాగితం మీద రాసుకోండి, ఫోన్ చచ్చిపోతుంది. మందుల చీటీ, ఆధార్ ఒకే కవర్లో పెట్టండి. ఆ ఆధార్ తర్వాత కూడా కావాలి. ప్రభుత్వ సిబ్బంది నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు, పరిహారంగా గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకి 25 వేలు, పై వాళ్లకి 10 వేలు అన్నారు. మా ఇంటికొచ్చిన రోజు మేం అక్క వాళ్లింట్లో ఉన్నాం. తలుపుకి తాళం చూసి వెళ్లిపోయారు. మళ్లీ పేరు ఎక్కించుకోవడానికి నేను నాలుగుసార్లు తిరిగా.