యూనీయ ఆడా, మగా?

ప్రశ్న: రోమా పత్రిక 16:7లో పౌలు అంద్రొనీకుకూ యూనీయకూ వందనాలు చెప్తాడు. ఈ యూనీయ స్త్రీ, పైగా అపొస్తలురాలు (తొలి సంఘంలో సువార్త చెప్పడానికి పంపబడిన ముఖ్యుల్లో ఒకరు) అని కొందరు, కాదు మగవాడే అని కొందరు. ఇంగ్లిష్ బైబిళ్లు చూస్తే ఒకదాంట్లో జూనియా, ఇంకోదాంట్లో జూనియాస్. ఇన్ని వందల ఏళ్లుగా చదువుతున్నారు, ఇంత చిన్న విషయం తేల్చలేకపోయారా?

జవాబు: చాలావరకు తేలిందండీ. ముందు తికమక ఎక్కడుందో చూడండి. తెలుగులో 'యూనీయకు' అని చదివితే ఆడో మగో మీకు తెలిసిందా? గ్రీకులోనూ అదే ఇబ్బంది. పౌలు రాసిన రూపం 'యూనియన్' (కార్మికులది కాదు లెండి). యూనియా అనే ఆడపేరుకైనా, యూనియాస్ అనే మగపేరుకైనా ఆ విభక్తిలో అవే అక్షరాలు వస్తాయి. తేడా అంతా పైన పెట్టే చిన్న ఉచ్చారణ గుర్తులోనే: 'ని' మీద పెడితే ఆడ, 'య' మీద పెడితే మగ. పాత చేతిరాత ప్రతుల్లో అసలు ఆ గుర్తులే పెట్టేవారు కాదు, ఆ తర్వాతి శతాబ్దాల్లో గుర్తులు పెట్టి రాసినవాళ్లేమో ఆడపేరుగానే రాశారు. 4వ శతాబ్దపు క్రైస్తవ బోధకుడు జాన్ క్రిసోస్టమ్ గ్రీకు మాట్లాడుతూ పెరిగినవాడు, ఆడవాళ్ల విషయంలో ఉదారవాది ఏమీ కాదు, అయినా ఈ వచనం దగ్గర ఆగి, అపొస్తలురాలు అనిపించుకుందంటే ఈమె ఎంత జ్ఞానం గలదో అని మెచ్చుకున్నాడు.

మరి మగవాడు ఎలా అయ్యాడు? 16వ శతాబ్దంలో లూథర్ జర్మన్ అనువాదంలో మగవాడే. పండితులు వాడే నెస్లే గ్రీకు కొత్త నిబంధన ముద్రణలో 1927లో గుర్తు జరిగింది, ఆడపేరు కాస్తా మగపేరైంది, 1998 ముద్రణలో గానీ వెనక్కి రాలేదు. ఆ డెబ్బై ఏళ్లలో వచ్చిన ఎన్నో అనువాదాలు ఆ ముద్రణనే ముందు పెట్టుకుని చేసినవి. మీరు చూసిన జూనియాస్ గుట్టు చాలావరకు అదే.

1977లో బెర్నడెట్ బ్రూటెన్, 2005లో ఎల్డన్ ఎప్ అనే బైబిల్ పండితులు ఈ మగపేరుకు ఆధారం ఏదని గట్టిగా అడిగారు. రోమ్ నగరపు శాసనాల్లో యూనియా అనే పేరు 250 సార్లకు పైగా దొరికింది. యూనియాస్ ఒక్కసారి కూడా లేదు. యూనియానస్ అనే మగపేరును కుదించి అలా పిలిచి ఉంటారని సమర్థించేవాళ్లున్నారు, కానీ అలా పిలిపించుకున్న ఒక్క మనిషినీ చూపించలేకపోయారు. 4వ శతాబ్దపు బిషప్ ఎపిఫానియస్ పేరు మీద ఉన్న పాత శిష్యుల జాబితాలో యూనీయ మగవాడేనని ఇంకో వాదన. ఆ జాబితా అకుల భార్య ప్రిస్కిల్లను కూడా మగవాణ్ణి చేసేసింది, ఇక దాన్ని ఎంతవరకు నమ్మాలో మీరే చెప్పండి.

ఇప్పుడు గొడవంతా అదే వచనంలోని ఇంకో మాట మీద. వీళ్లు 'అపొస్తలుల్లో' పేరున్నవాళ్లా, 'అపొస్తలులకు' బాగా తెలిసినవాళ్లా? రెండోదే సరైనదని 2001లో మైకేల్ బ్యురర్, డేనియల్ వాలెస్ అనే పండితులు గ్రీకు వాడుకలు పోగుచేసి వాదించారు. వాళ్ల ఉదాహరణల్లోనే తమకు అనుకూలమైనవి ఉన్నాయని అవతలివాళ్లు చూపించారు. నాకైతే క్రిసోస్టమ్ చెవి మీదే నమ్మకం ఎక్కువ. మగవాడు అనుకున్నన్నాళ్లూ 'అపొస్తలుల్లో' అన్న మాట పెద్దగా ఎవరినీ ఇబ్బంది పెట్టలేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

ప్రశ్న: అలాగైతే అదే పౌలు 1 కొరింథీ 14:34లో స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని ఎలా అన్నాడు?

జవాబు: మూడు అధ్యాయాల వెనక, 11:5లో, స్త్రీలు ప్రార్థన చేస్తారు, ప్రవచిస్తారు అని మామూలు విషయంలా రాసింది కూడా ఆయనే. అందుకే ఈ పేచీ. కొన్ని ప్రతుల్లో 34, 35 వచనాలు అక్కడ కాకుండా 40వ వచనం తర్వాత ఉంటాయి. ఇవి ఎవరో పక్క ఖాళీలో రాసుకున్న మాటలని, తర్వాత నకలు తీసినవాళ్లు ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ చేర్చారని బైబిల్ పండితుడు గోర్డన్ ఫీ 1987లో వాదించాడు. కొరింథువాళ్ల మాటనే పౌలు ముందు చెప్పి 36లో కొట్టిపారేశాడని ఇంకొందరంటారు. కాదు, పౌలే రాశాడు, ప్రవచనాలను బేరీజు వేసే సందర్భానికే చెప్పాడు అనేవాళ్లూ తక్కువేం కాదు. ఫీ వాదనకు అసలు చిక్కేమిటంటే, ఆ రెండు వచనాలు బొత్తిగా లేని ప్రతి ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.